పదిహేడో నంబరు

పోయిన వారం బట్టలు కుట్టే మిషనక్కని దుకాణం గుమ్మంలో, చేతిలో కత్తెరతో నిలబెట్టి వదిలేసి వచ్చాం. ఆమె ఎదురుగా నలిగిన తెల్లచొక్కా మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. వచ్చీ రాగానే అతను అన్నది ఒక్కటే మాట: "ఆ రోజు అంబులెన్సు తీసుకొచ్చింది నేనేనమ్మా."

ఈ మాటకి ఆమె ఎందుకు కొయ్యబారిపోయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మిషనక్క భర్త బోర్డులు రాసే పెయింటరు. యాభై మూడు రోజుల కిందట ఓ ఆదివారం పొద్దున గుండె పట్టేసి ఇంట్లోనే పోయాడు. పక్కింటి టీచరమ్మ అంబులెన్సుకి ఫోను చేసింది. వస్తోందన్నారు. రాలేదు. ఎందుకు రాలేదో గట్టు వీధుల్లో అందరికీ తెలుసు. ఏడాది మొదట్లో జిల్లాల సరిహద్దు మార్చారు. ఏటికి ఈ ఒడ్డున, గట్టు కింద ఉన్న ఎనిమిది వందల ఇళ్లని, ఏటికవతల టౌను ఉన్న దక్షిణం జిల్లాలోంచి తీసి ఉత్తరం జిల్లాలో కలిపారు. తీసేసే పని దక్షిణం వాళ్లు మర్నాడే పూర్తి చేశారు. ఆ ఆఫీసు అంత చురుగ్గా పనిచెయ్యడం అంతకుముందు ఎవరూ చూడలేదు. కలుపుకునే పనికి మాత్రం ఉత్తరం జిల్లా పెద్దాఫీసరు సంతకం కావాలి. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలా అని రాజధానిలో రెండు వర్గాలు పంతానికి పోయాయి. కుర్చీ ఖాళీగా ఉంది, ఫైలు టేబుల్ మీద ఉంది, ఎనిమిది వందల ఇళ్లు ఏ జాబితాలోనూ లేవు. ఉత్తరాలు తిరిగి వెళ్లిపోతున్నాయి. వీధి చివరి ప్రభుత్వ దవాఖానాకి తాళం పడింది. చెత్తబండి వంతెన దగ్గరే వెనక్కి తిరుగుతోంది. దోమలు మాత్రం పాత పద్ధతిలోనే వస్తున్నాయి పాపం అని పెయింటరు బతికున్న రోజుల్లో నవ్వించేవాడు.

ఇక ఇవాళ్టి సంగతి.

"ఏ బండి? మాకు ఏ బండీ రాలేదు," అంది మిషనక్క.

"వచ్చిందమ్మా. వంతెన మధ్య దాకా వచ్చింది."

ఆమె కత్తెరని బట్ట కోసే బల్ల మీద పెట్టింది. దుకాణమంటే ఇంటి ముందుగదే. రెండు కుట్టుమిషన్లు, పాత తలుపు చెక్కతో చేసిన ఆ బల్ల, గోడకి మేకుల వరసలో సగం కుట్టిన చొక్కాలు. బట్టలు కుట్టించుకునేవాళ్లు కూర్చునే స్టూలు మీంచి బట్టల మూట తీసి, కూర్చోమన్నట్టు చెయ్యి చూపించింది. డ్రైవరు కూర్చోలేదు. కూర్చోవడానికి తనకి అర్హత లేదన్నట్టు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"సైరను వేసే వచ్చారా?"

"వేసే వచ్చానమ్మా. ఆదివారం కదా, రోడ్డు ఖాళీ. వంతెన ఎక్కేదాకా ఎక్కడా ఆగలేదు."

మిషనక్క మిషను ముందున్న కుర్చీలో కూలబడింది. ఆ సైరను ఆమె విన్నది. పెయింటరు తలని ఒళ్లో పెట్టుకుని, విసనకర్ర దొరక్క అట్టముక్కతో విసురుతూ, "వచ్చేసింది, అదిగో వచ్చేసింది, కాస్త ఓర్చుకో" అంది. అతను కళ్లతోనే సరేనన్నాడు. ఆ తరువాత ఆ చప్పుడు సన్నబడింది. ఇంకా సన్నబడింది. టౌనువైపు ఎవరికో ప్రాణం మీదికి వచ్చినట్టుంది, పాపం, అనుకుంది. ఆ క్షణంలో కూడా ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఆమె మనసు చివుక్కుమంది.

"అది మీరేనా," అంది నెమ్మదిగా.

డ్రైవరు తల వంచుకుని చెప్పుకొచ్చాడు. బండిలో చిన్న తెర ఒకటి ఉంటుంది. జిల్లా దాటితే అందులో ఎర్ర లైటు వెలుగుతుంది. వంతెన నడిమధ్య 'జిల్లా సరిహద్దు' అని కొత్త బోర్డు పెట్టారు కదా, సరిగ్గా దాని కిందకి రాగానే వెలిగింది.

"ఆ బోర్డు రాసింది మా ఆయనే," అంది మిషనక్క.

"తెలీదమ్మా. నిజంగా తెలీదు."

"ఎందుకాగారు మరి? బోర్డు దగ్గర్నుంచి మా ఇల్లు ఎంత దూరం? నడిచొచ్చినా అయిదు నిమిషాలు!"

"నేనూ అదే అనుకుంటున్నాను, ఈ యాభై మూడు రోజుల్నుంచీ."

తను ఒక్కతే ఆ రోజుల్ని లెక్కపెట్టుకుంటున్నాననుకుంది మిషనక్క. ఇంకెవరో కూడా లెక్కపెడుతున్నారని తెలిసేసరికి ఆమెకి కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"లైటు వెలగ్గానే వైర్‌లెస్‌లో అడిగానమ్మా, దాటమంటారా అని. దాటొద్దు, వెనక్కి రమ్మన్నారు. ఆ ముందు వారమే అడక్కుండా దాటిన డ్రైవరు ఒకాయన్ని పీకేశారు. ఆయన ఇటొచ్చిన ఆ అరగంటలో టౌనులో ఎవరికో బండి దొరక్క ప్రాణం పోయింది. ఉన్నవి రెండే బండ్లు. అందులో ఒకటి షెడ్డులో పడుకుంది. ఇవన్నీ ఇప్పుడు చెప్పడం నా తప్పు లేదనిపించుకోవడానికి కాదు. ఉంది. నేను దాటెయ్యాల్సింది. కానీ చెయ్యని తప్పు కూడా ఒకటి నెత్తిన పెట్టారు. నా అంతట నేనే భయపడి వెనక్కి తిరిగానని రాశారు. రేపు పదకొండు గంటలకి విచారణ. ఉద్యోగం ఎలాగూ పోతుంది, కేసు కూడా పెడతారట."

"నన్నేం చెయ్యమంటారు?"

డ్రైవరు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన నీలంరంగు కాగితం తీశాడు. "ట్రిప్ షీటు, బండి ఎప్పుడెక్కడికి వెళ్లిందో రాసే కాగితం. అసలుది వాళ్లు తీసేసుకున్నారు. కింద కార్బన్ పెట్టి రాస్తాం కదా, ఇది ఆ నకలు. నేనిస్తే ఇప్పుడు కూర్చుని రాసుకున్నానంటారు. మీరిస్తే కాదనలేరు. సైరను విన్నానని ఆ ఒక్క ముక్కా చెప్పి, ఇది చేతిలో పెట్టండి. పెట్టాలని లేకపోతే చింపెయ్యండి. నేనేమీ అనుకోను."

మిషనక్క కాగితం విప్పింది. అక్షరాలు మసకగా ఉన్నా చదవడానికి వస్తున్నాయి. 10.42, వంతెన మధ్య, దాటడానికి అనుమతి అడిగాను. 10.44, ఆపరేటరు 17: దాటవద్దు, వెనక్కి రండి.

ఆ రెండో వరసని ఆమె మళ్లీ చదివింది. ఇంకోసారి చదివింది.

"ఈ పదిహేడు ఎవరో మీకు తెలుసా?"

"ఎలా తెలుస్తుందమ్మా? మేము ఆసుపత్రి షెడ్డులో ఉంటాం, వాళ్లు ఫోన్ల గదిలో ఉంటారు. మాకు నంబర్లే, మొహాలు తెలీవు. కుర్రగొంతు. అంతే."

"సరే. మీరు వెళ్లండన్నయ్యా. రేపు పదకొండుకి నేనొస్తాను."

అన్నయ్యా అన్న ఆ పిలుపుకి డ్రైవరు కళ్లు ఒక్కసారిగా నిండాయి. ఇంకేమీ అనకుండా రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. అన్నయ్యా అని ఎందుకన్నదో మిషనక్కకే తెలియదు. ఆమె చూపు అప్పటికే పెరట్లో దండెం మీద ఆరుతున్న నీలం చొక్కా మీద ఉంది.

కిందటేడు తన తమ్ముడు అంబులెన్సు ఫోన్ల గదిలో పనికి చేరినప్పుడు అలాంటివి రెండు చొక్కాలు తనే కుట్టింది. జేబు మీద నంబరు తెల్లదారంతో కుట్టాలన్నారు. ఒకటి అంకె బాగానే వచ్చింది కానీ ఏడు కాలు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టింది. పెయింటరు పక్కన కూర్చుని, "అంకెలు రాయడం నా దగ్గర నేర్చుకోవే" అని ఏడిపించాడు. దండెం మీద ఆరుతున్నది ఒకటి. రెండోది ఇప్పుడు తమ్ముడి ఒంటి మీద ఉంది.

తమ్ముడు వాళ్లింట్లోనే, మేడ మీద గదిలో ఉంటాడు. అమ్మా నాన్నా పోయాక పదకొండేళ్ల వాణ్ణి పెయింటరే తెచ్చి పెట్టుకున్నాడు. చదివించాడు. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకి వంతెన దాటించి సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది కూడా అతనే. ఇరవై ఎనిమిదేళ్ల మనిషిని సైకిలు మీద తీసుకెళ్తే ఎవరైనా నవ్వుతారు బావా అంటే, నవ్వితే నవ్వనీ, చొక్కా నలక్కుండా చేరతావు అన్నాడు.

రెండున్నరకి వీధి గేటు కిర్రుమంది. పొద్దుటి షిఫ్టు అయిపోయి వచ్చాడు. గుమ్మంలోనే బూట్లు విప్పుతూ, ఈ యాభై మూడు రోజులుగా రోజూ చెప్పే మాటే చెప్పాడు.

"తినేసే వచ్చానక్కా. క్యాంటీనులో."

"ఇలా రా. గుండీ ఊడింది."

వచ్చాడు. గుండీలన్నీ ఉన్నాయి. మిషనక్క వేలు అతని జేబు మీద, తెల్లదారం మీద ఆగింది.

"ఇదెవరు కుట్టారు?"

"నువ్వే. ఏంటక్కా?"

ఆమె నీలం కాగితం అతని చేతిలో పెట్టింది. అతను చదివాడు. మొహంలో ఆశ్చర్యం లేదు, బుకాయించే ప్రయత్నమూ లేదు. చాలా రోజులుగా మోస్తున్న బరువుని ఎవరో అందుకున్నప్పుడు చేతులు వాలిపోయినట్టు, అతని భుజాలు వాలిపోయాయి. గోడకి జారబడి, కత్తిరింపు ముక్కల మధ్య నేల మీద కూర్చున్నాడు.

"నీకు తెలుసా?" అంది మిషనక్క.

"అప్పుడు తెలీదు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు ఫోన్ చేసినప్పుడు. పదకొండూ పదికి. 'బావ పోయాడ్రా' అన్నావు. నా ముందు తెర మీద ఆ పిలుపు ఇంకా మూయలేదక్కా. మగమనిషి, నలభై ఆరేళ్లు, ఛాతీ నొప్పి. పేరు రాయలేదు. వీధి అన్నచోట 'జాబితాలో లేదు' అని ఉంది. టీచరమ్మ ఫోను తీసింది నేను కాదు, తొమ్మిదో నంబరు అమ్మాయి. కొత్త పిల్ల, జాబితా చూడకుండానే బండి పంపేసింది. డ్రైవరు వంతెన మీంచి అడిగినప్పుడు నా లైను దొరికింది. నేను తెర చూశాను. రూలు చెప్పాను."

"రెండు నిమిషాలు పట్టిందట, అడిగాక. ఆ రెండు నిమిషాలు ఏం చేశావు?"

"సూపర్వైజరు కోసం చూశాను. కుర్చీలో లేడు."

"ఎక్కడికెళ్లాడు?"

"టీ తాగడానికి."

మిషనక్క నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియని చప్పుడొకటి గొంతులోంచి వచ్చింది. తరువాత అడగకూడని మాట అడిగింది. అడగకుండా ఉండలేకపోయింది.

"బావ అని తెలిసుంటే? దాటమనేవాడివా?"

మిషను మీద సగం కుట్టి వదిలేసిన చొక్కా చెయ్యి గాలికి ఊగుతోంది. తమ్ముడు దాన్నే చూస్తూ ఉన్నాడు.

"అనేవాణ్ణి."

"ఏమన్నావు?"

"దాటమనేవాణ్ణక్కా. ఉద్యోగం పోతే పోనీ అని దాటమనేవాణ్ణి. ఎవరో కాబట్టి వెనక్కి రమ్మన్నాను. ఎవరో అనుకున్న ఆయనే బావ. నన్ను తినేస్తున్నది అదే. ఆ రోజు పోయింది బావ కాకుండా నిజంగా ఇంకెవరో అయ్యుంటే, నేను ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేవాణ్ణి."

ఆమె కొట్టింది. చెంప మీద, చెయ్యి మండేలా. రెండోసారి ఎత్తిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. తమ్ముడు పక్కకి తప్పుకోలేదు. మొహం ఇంకాస్త ముందుకి పెట్టాడు, చిన్నప్పుడు అల్లరి చేసి దొరికిపోయినప్పుడు పెట్టినట్టే. అది చూసి ఆమె చెయ్యి దానంతట అదే కిందకి దిగిపోయింది.

"యాభై మూడు రోజులు, ఒరేయ్! ఒకే కప్పు కింద! నేను ఆ అంబులెన్సువాళ్లని తిట్టని పూట లేదు. నువ్వు వింటూ ఊరుకున్నావు."

"చెప్పాలని రోజూ మెట్లు దిగేవాణ్ణి. నువ్వు మిషను ముందు కూర్చుని ఉండేదానివి. మళ్లీ ఎక్కేసేవాణ్ణి."

"రేపు ఈ కాగితం ఇచ్చేస్తాను."

"ఇచ్చెయ్. నేనే ఇవ్వమంటున్నాను. కానీ ఇచ్చే ముందు ఒక్కటి తెలుసుకో. నా కోసం కాదు."

"ఇంకా ఏం మిగిలిందిరా తెలుసుకోవడానికి?"

"పోయిన నెల రొట్టెల కొట్టాయన్ని నలుగురు చెక్క మీద పడుకోబెట్టి వంతెన దాటించారు, గుర్తుందా? అవతల అంబులెన్సు సిద్ధంగా ఉంది."

గుర్తుంది. ఆ రోజు వీధి వీధంతా అదృష్టమంటే అదీ అని చెప్పుకుంది. బండి ఏదో పని మీద అటు వచ్చి ఆగి ఉందట, సమయానికి దొరికిందట.

"అదృష్టం కాదు. నేను పంపాను. వంతెనకి టౌనువైపు మొదట్లో సైకిళ్ల షాపు ఉంది కదా. గట్టువైపు నుంచి ఎవరు ఫోన్ చేసినా ఆ షాపు అడ్రసు కొడతాను. అది జాబితాలో ఉంది, తెర ఒప్పుకుంటుంది, బండి కదులుతుంది. ఆ తరువాత నా సొంత ఫోన్లోంచి ఇంట్లోవాళ్లకి చెప్తాను, మనిషిని వంతెన దాటించి పట్టుకురండి అని. బావ పోయిన మూడో రోజు నుంచీ ఇదే పని. ఇప్పటికి పదకొండు మంది. అందరూ బతికే ఉన్నారు."

మిషనక్క అతన్ని తేరిపార చూసింది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ల కింద నల్లగా ఉంది. రెండేసి షిఫ్టులు ఎందుకు చేస్తున్నాడో, ఇంట్లో ఉండలేక అనుకుంది ఇన్నాళ్లూ.

"అందుకా డబుల్ డ్యూటీలు?"

"నేను కుర్చీలో లేనప్పుడు ఆ అదృష్టం పనిచెయ్యదు కదక్కా," అన్నాడు. నవ్వబోయాడు కానీ మొహం సహకరించలేదు. "కాగితం ఇస్తే పదిహేడో నంబరు మాట్లాడిన ఫోన్ టేపులన్నీ తీస్తారు. ఒక్క రోజువి కాదు, అన్నీ. సైకిళ్ల షాపు సంగతి బయటపడుతుంది. నా ఉద్యోగం పోవడం పెద్ద విషయం కాదు. ఆ దారి మూసుకుపోతుంది. కాగితం ఇవ్వకపోతే ఆ డ్రైవరు మునిగిపోతాడు. నేను రోజూ ఈ రెండిటి మధ్యే తిరుగుతున్నాను. నువ్వు పెద్దదానివి, నువ్వే చెప్పు."

అంతలో లోపలిగది కర్ర తలుపు చప్పుడైంది.

పెయింటరు తల్లి గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆవిడకి చెవుడని వీధంతా గట్టిగా అరిచి మాట్లాడుతుంది. అది సగం నిజం. వినాలనుకున్నది ఆవిడకి బాగానే వినిపిస్తుంది.

"అత్తయ్యా, మీరు పడుకోలేదా?"

"ఈ ఇంట్లో పడుకుంటే పనికొచ్చే మాటలన్నీ తప్పిపోతాయి," అంది ముసలమ్మ. వచ్చి, నేల మీద కూర్చున్న తమ్ముడి ఎదురుగా నిలబడింది. అతను తల ఎత్తలేదు. ఆవిడ కాసేపు అలా చూస్తూనే ఉంది. ఆ చూపులో ఏముందో మిషనక్కకి అంతుపట్టలేదు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఇప్పుడు నోరు విప్పితే ఏ మాట వస్తుందోనని ఇద్దరి మధ్యకి ఒక అడుగు వేసింది.

"లేరా," అంది ముసలమ్మ. "కింద సూదులుంటాయి. గుచ్చుకుంటాయి."

అంతవరకూ నిబ్బరంగా ఉన్నవాడు ఆ మాటకి భోరుమన్నాడు. ముసలమ్మ చెయ్యి చాపింది. ఆ ఎముకల చెయ్యి పట్టుకుని లేవడం కుదిరే పని కాదు, ఇద్దరూ పడతారు. అయినా పట్టుకుని లేచాడు.

"మావాడు నిన్ను కొడుకన్నాడు," అంది ఆవిడ. "కొడుకు తప్పు చేస్తే నాలుగు తిడతాం. బయటికి నెట్టం. నీకు తిట్లు బాకీ ఉన్నాయి, తీరిగ్గా తిడతాను. ముందు ఆ డ్రైవరు సంగతి చూడండి. ఎవరు పెంచారో ఆ అబ్బాయిని, తప్పుందని తన నోటితో తనే ఒప్పుకుని వెళ్లాడు. ఈ రోజుల్లో ఎవడు ఒప్పుకుంటాడమ్మా?"

మిషనక్క కాగితం తీసుకుని మళ్లీ నాలుగు మడతలు పెట్టింది. మనసులో ఏదో తేలిపోయింది. ఎలా తేలిందో అడిగితే ఆమెకే చెప్పడం రాదు.

"నేనివ్వను దీన్ని," అంది.

తమ్ముడు చటుక్కున తలెత్తాడు.

"నువ్విస్తావు. రేపు నాతో వస్తావు. ఈ చొక్కాయే వేసుకుని వస్తావు. వాళ్లు అడగకముందే, ఆ పదిహేడు నేనేనని నువ్వే చెప్తావు. డ్రైవరు పక్కన నేను నిలబడతాను, నీ పక్కనా నేనే నిలబడతాను. ఆ పదకొండు మంది సంగతి కూడా దాచొద్దు. వాళ్లని పిలుస్తాను. రొట్టెల కొట్టాయన చచ్చేంత భారీ మనిషి, ఆయన ఒక్కడొచ్చి నిలబడితే చాలు, గది నిండిపోతుంది."

"వస్తారంటావా?"

"రాకపోతే మోసుకొద్దాం. మనకి అలవాటేగా."

చెంప మీద వేళ్ల గుర్తులు ఇంకా ఎర్రగా ఉండగానే తమ్ముడు మొదటిసారి నిజంగా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మరి ఎల్లుండి గట్టువైపు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే అక్కా? ఎవరు తీస్తారు?"

ముసలమ్మ ముగ్గురికీ కంచాలు పెట్టమంది. తమ్ముడు తిన్నానన్నాడు. అబద్ధాలు రేపటి నుంచి మానేద్దువుగానిలే, ఇవాళ్టికి తిను, అంది ఆవిడ. అతను కంచం ముందు కూర్చున్నాడు. యాభై మూడు రోజుల తరువాత ఆ ఇంట్లో ముగ్గురూ ఒకచోట కూర్చున్నారు. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా, పక్కింటి వైపు నుంచి కేక వినిపించింది.

టీచరమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. చీర కుచ్చెళ్ల మీద నెత్తురు మరకలు. అది తనది కాదు.

"మా అమ్మాయి! మెట్ల మీంచి జారింది. నెత్తురు ఆగట్లేదు. ఎనిమిదో నెల మిషనక్కా, ఎనిమిదో నెల!"

"టాక్సీ..." అంది మిషనక్క.

"కూర్చోలేకపోతోంది. కదిపితే కళ్లు తేలేస్తోంది. పడుకోబెట్టే తీసుకెళ్లాలి. ఆసుపత్రి అయిదారు కిలోమీటర్లు!"

"ఫోన్ చేశారా?"

టీచరమ్మ తన ఫోను ముందుకి చాపింది. "నా వల్ల కాదు. ఆ రోజు నేనే చేశాను. వస్తోందన్నారు. నేను ఇంకోసారి ఆ మాట వినలేను. నువ్వు చెయ్యి."

తమ్ముడు ఎంగిలి చేత్తోనే ఫోను అందుకున్నాడు. మిషనక్క లాక్కుంది. "నీ గొంతు గుర్తుపడతారు. నువ్వు వెళ్లి మన బల్ల మీది చెక్క ఊడదియ్యి. నలుగురిని పిలువు."

అతను బల్ల మీది బట్టలన్నీ ఒక్క తోపుతో కింద పడేసి, చెక్క కింద చెయ్యి పెడుతూ వెనక్కి తిరిగాడు. "సైకిళ్ల షాపు అను అక్కా. ఇంకేమీ చెప్పకు. సైకిళ్ల షాపు, అంతే."

రెండు రింగులకే అందుకున్నారు. ఆడపిల్ల గొంతు, ఇరవై ఏళ్లుంటాయేమో.

"అంబులెన్సు. చెప్పండి."

"గర్భిణి మనిషి. ఎనిమిదో నెల. పడిపోయింది, నెత్తురు పోతోంది. తొందరగా పంపండమ్మా."

"అడ్రసు?"

"వంతెన మొదట, సైకిళ్ల షాపు."

అవతల ఎవరో దూరంగా ఎవరితోనో మాట్లాడుతున్నారు. కుర్చీ జరిపిన చప్పుడు. మళ్లీ ఆ పిల్ల గొంతు వచ్చింది, ఈసారి బాగా తగ్గించి.

"అమ్మా, ఆ అడ్రసుకి బండి పంపొద్దని ఇందాకే ఆర్డరొచ్చింది. రేపేదో విచారణ ఉందట, టేపులు వింటున్నారు. మా అందరి ముందూ కాగితం అంటించారు." ఆమె ఊపిరి వినిపిస్తోంది. "నేను అబద్ధం కొడితే వెంటనే పట్టేస్తారు, బండి కదలదు. నిజం చెప్పండి. మీరు వంతెనకి ఎటువైపు?"

మిషనక్క తలెత్తింది. ఫోనులోంచి ఆ మాట గదిలో అందరికీ వినిపించింది. చెక్క పట్టుకుని వంగిన తమ్ముడు వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. టీచరమ్మ ఆమె భుజం పట్టుకుని వదలడం లేదు. పక్కింట్లోంచి అమ్మాయి మూలుగు ఆగి ఆగి వినిపిస్తోంది. ముసలమ్మ ఒక్కత్తే కదలకుండా, కోడలి మొహంలోకే చూస్తోంది.

మిషనక్క ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"గట్టువైపమ్మా," అంది. "పెయింటరు ఇంటి పక్కిల్లు. యాభై మూడు రోజుల కిందట మీరు బండిని వెనక్కి పిలిచారే, ఆ ఇంటి పక్కిల్లు."

అవతల ఆ పిల్ల ఏదో టైపు చెయ్యడం మొదలుపెట్టింది. మీటల చప్పుడు టకటకా వినిపించింది. సగంలో ఆగిపోయింది. మిగతాది వచ్చే వారం.